సీసపు తూటా, ఉక్కు తూటా: ఒక నైతిక ప్రశ్న

1

అమెరికాలో నీటిబాతుల్ని వేటాడే మనిషి తన తుపాకికి ఏ తూటా ఎంచుకోవాలన్న ప్రశ్నను ఇటువంటి పత్రికలో చర్చకు పెట్టడం కొందరు మిత్రులకు వింతగా కనిపించవచ్చు. మన దేశంలో వేట చట్టవిరుద్ధం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను కట్టడి చేసింది. 1991లో వచ్చిన సవరణ లైసెన్సు మీద సాగే వేటకు కూడా స్వస్తి చెప్పింది. కాబట్టి ఈ ప్రశ్న మన పాఠకులకు ఆచరణలో ఎదురయ్యేది కాదు. అయినా దీన్ని ఎత్తుకోవడానికి కారణం వున్నది. నీతి అనేది మనిషి హృదయంలో పుట్టి హృదయంలోనే పరిష్కారమయ్యే విషయమా, లేక చట్టంతో, ఉత్పత్తితో, సమాజ నిర్మాణంతో ముడిపడిన విషయమా అన్నది పాత వివాదం. దాన్ని పరీక్షించి చూడటానికి ఇంత స్పష్టమైన ఉదాహరణ నాకు మరొకటి దొరకలేదు. ఆ వివాదంలో మనవాళ్ళు సాధారణంగా రెండో పక్షాన నిలుస్తారు. నేనూ ఆ పక్షం వాడినే. కాని ఆ పక్షాన నిలబడి మనం తరచు సగం సత్యంతో సరిపెట్టుకుంటున్నామని ఈ చిన్న వ్యవహారం చెబుతున్నది.

ముందు వస్తువును చూద్దాం. జింక వంటి జంతువును కొట్టే రైఫిల్‌లో తూటాకు ఒకటే గుండు. ఎగిరే పక్షిని కొట్టే షాట్‌గన్ తూటాలో వందకు పైగా చిన్న గుండ్లు వుంటాయి. తూటా పేలితే అవి గొట్టంలోంచి గుంపుగా బయలుదేరి పోనుపోను విచ్చుకుంటాయి. నాలుగో నంబరు సీసపు గుండ్లయితే ఔన్సుకు, అంటే 28 గ్రాములకు, సుమారు 135 తూగుతాయి. ఔన్సుంబావు తూటాలో 170 దాకా వుంటాయన్నమాట. వాటిలో పక్షికి తగిలేవి ఏ నాలుగో ఐదో. గురి తప్పితే అవీ లేవు. మిగిలినవన్నీ చిత్తడి నేలలో, మడుగు అడుగున, రెల్లు మొదళ్ళలో పడి వుండిపోతాయి.

రసాయనశాస్త్రం పాఠం చెప్పి బ్రతికిన నాకు సీసం పాత పరిచయం. ఎందుకు అన్ని పనులకూ సీసమే వాడతారని పిల్లలు అడిగేవాళ్ళు. జవాబు సులభం. చవక, బరువు, మెత్తన, తక్కువ వేడికే కరుగుతుంది. కరిగిన సీసాన్ని జల్లెడలోంచి ఎత్తయిన చోటు నుంచి నీళ్ళలోకి జారవిడిస్తే దారిలోనే గుండ్రని గుండ్లుగా మారుతుంది. బ్రిస్టల్ పట్టణానికి చెందిన విలియం వాట్స్ ఈ పద్ధతికి 1782లోనే పేటెంటు తీసుకున్నాడు. తరువాత రెండు శతాబ్దాల పాటు ప్రపంచంలో పక్షుల వేట అంతా సీసం మీదనే నడిచింది.

ఇక బాతు సంగతి. బాతుకు పళ్ళు లేవు. తిన్న గింజను అది కందనకాయలో రాళ్ళతో నూరుకుంటుంది. అందుకని నీటి అడుగున సన్నని రాళ్ళు ఏరి మింగుతుంది. రాతికీ, గింజకూ, సీసపు గుండుకూ అది తేడా ఎరగదు. మింగిన గుండు కందనకాయలో అరుగుతుంది, కడుపులోని ఆమ్లంలో కరుగుతుంది, నెత్తురులో కలుస్తుంది. నరాలు చచ్చుబడతాయి. రెక్కలు తాటాకు కప్పులాగా రెండు పక్కలకూ వాలిపోతాయి. మేత కిందికి దిగదు. పక్షి రెండు మూడు వారాలలో ఎముకల గూడై చనిపోతుంది. అందుకు గుప్పెడు గుండ్లు అక్కరలేదు, ఒక్కటి చాలు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. అలా జబ్బుపడిన పక్షి బాహాటంగా చావదు. రెల్లులోకి పోయి దాక్కుంటుంది. దాన్ని నక్కో గద్దో తినేస్తుంది. తిన్న గద్దకూ ఆ విషం సంక్రమిస్తుంది. మరునాడు అదే మడుగుకు వచ్చిన వేటగాడికి కళేబరం కనపడదు. తాను గురిచూసి చంపిన పక్షిని అతను ఎరుగును. చేతితో ఎత్తాడు, ఈకలు పీకాడు, వండుకు తిన్నాడు. తాను గురిచూడకుండా చంపిన పక్షిని అతను ఎరగడు. మన చర్చకు అసలు వస్తువు ఈ రెండో పక్షి.

2

హృదయ పరివర్తన మీద ఆధారపడే నీతి ఈ రెండో పక్షి విషయంలో ఏం చేయగలిగిందో చరిత్రను అడుగుదాం.

సీసపు గుండ్లు మింగి బాతులు చస్తున్నాయని జార్జ్ బర్డ్ గ్రిన్నెల్ 1894లో వ్రాశాడు. ఆయన వేటగాళ్ళ పత్రిక సంపాదకుడు, స్వయంగా వేటగాడు. కనుక వేటగాళ్ళకు ఈ సంగతి తెలియదనడానికి వీలు లేదు. వాళ్ళ పత్రికలోనే వచ్చింది. 1959లో ఇల్లినాయ్ రాష్ట్రానికి చెందిన ఫ్రాంక్ బెల్‌రోజ్ ఏళ్ళ తరబడి చేసిన పరిశోధనను ప్రచురించాడు. ఉత్తర అమెరికాలోని నీటిపక్షులలో ఏటా నూటికి రెండు మూడు సీసపు విషంతోనే చనిపోతున్నాయని ఆయన అంచనా. సంఖ్యలో అది లక్షలు. అమెరికా అంతటా నీటిపక్షుల వేటలో సీసం నిషిద్ధమైంది 1991లో. మొదటి హెచ్చరికకూ చివరి శాసనానికీ మధ్య 97 సంవత్సరాలు గడిచాయి.

ఈ 97 ఏళ్ళూ వేటగాళ్ళు క్రూరులై వున్నందువల్ల ఇలా జరిగిందా? అలా అనడం అన్యాయం. 1934 నుంచి అమెరికాలో నీటిపక్షుల్ని వేటాడే ప్రతి వయోజనుడూ ఏటా ఒక ప్రత్యేక స్టాంపు కొనాలి. ఆ డబ్బుతో ప్రభుత్వం చిత్తడి నేలల్ని కొని కాపాడుతుంది. 1937 నుంచి తుపాకుల మీద, తూటాల మీద వేసిన పన్ను వన్యప్రాణుల రక్షణకు పోతున్నది. వేటగాళ్ళు వీటిని వ్యతిరేకించకపోవడమే కాదు, గర్వంగా చెప్పుకుంటారు. ఆ డబ్బు లేకపోతే బాతులు గుడ్లు పెట్టే మడుగులు అనేకం ఈనాటికి గోధుమ చేలయి వుండేవి. అంటే ఏమిటి? తన జేబులోంచి డబ్బు తీసి పక్షి కోసం నేల కొన్నవాడే ఆ నేలలో పక్షికి విషం చల్లాడు. రెండు పనులూ ఒకే చేత్తో, ఒకే ఉదయం చేశాడు. ఇందులో కపటం లేదు, వైరుధ్యం వున్నది. కపటాన్ని ఉపదేశంతో సరిచేయవచ్చునేమో గాని, వైరుధ్యం ఉపదేశానికి లొంగదు.

అమెరికాలో ప్రకృతి రక్షణకు తాత్విక పునాది వేసినవారిలో ఆల్డో లియోపోల్డ్ ఒకడు. ఆయన కూడా వేటగాడే. వేటగాడికి ప్రేక్షకులు లేరు గనుక అతని ప్రవర్తనకు అతని అంతరాత్మే సాక్షి అనీ, వేట నీతికి వున్న విశిష్టత అదేననీ ఆయన భావం. అందమైన భావమే. కాని అంతరాత్మ సాక్ష్యం చెప్పాలంటే ముందు దానికి ఏదో ఒకటి కనపడాలి కదా! రెల్లులో దాక్కుని మూడు వారాలకు చచ్చిన బాతును గురించి అంతరాత్మ ఏం సాక్ష్యం చెబుతుంది? ఎదురుగా పడిన దెబ్బకు మనసు కరుగుతుంది. కాలంలో, స్థలంలో దూరమైన దెబ్బకు, వేల చేతుల మధ్య పంపకమైన దెబ్బకు, మనసు కరగడానికి ఆధారమే లేదు. ఫలానా తుపాకిలోంచి వచ్చిన గుండు ఫలానా బాతును చంపిందని ఎవరూ నిరూపించలేరు. పాపం అందరిదీ అయినప్పుడు ఎవరిదీ కాకుండా పోతుంది.

ఇది నా ఊహ అనుకునేవారికి ఇటీవలి ఉదాహరణ ఒకటి చెబుతాను. 2020 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో తొమ్మిది వేట, గ్రామీణ సంస్థలు ఒక ప్రకటన చేశాయి. అయిదేళ్ళలో సీసాన్ని స్వచ్ఛందంగా వదిలేద్దామని తమ సభ్యులకు పిలుపునిచ్చాయి. చట్టం అక్కరలేదు, మా నీతి మాకు చాలు అన్నట్టు. అయిదేళ్ళూ శాస్త్రజ్ఞులు దుకాణాల్లో ఫెజంట్ పక్షుల్ని కొని వాటి మాంసంలోని గుండ్లను పరీక్షించారు. 2024-25 వేటకాలంలో పరీక్షించిన పక్షులలో 99 శాతం సీసపు గుండ్లతోనే చచ్చినవి. ఆ సంస్థల నాయకులు అబద్ధం ఆడారని నేను అనను. వాళ్ళు మనసారా కోరుకునే వుంటారు. కోరిక అబద్ధం కాదు, సాధనం అబద్ధం. 2025 జూలైలో బ్రిటన్ ప్రభుత్వం చట్టరీత్యా నిషేధిస్తానని ప్రకటించవలసి వచ్చింది.

మన అనుభవంలోనూ ఇటువంటిది వున్నది. మన దేశంలో పెట్రోలులోంచి సీసం 2000 సంవత్సరంలో పోయింది. అంతకు ముందు స్కూటరు నడిపేవాడు ఎవడైనా, వెనక వీధిలో ఆడుకునే పిల్లల నెత్తురును తలచుకుని బంకు దగ్గర ఆగి ఆలోచించాడా? ఆలోచించినా చేయగలిగింది ఏమున్నది? బంకులో అమ్మే సరుకును మార్చినవాడు కొనేవాడు కాదు.

3

అయితే చట్టం ఆకాశం నుంచి ఊడిపడదు. దాని వెనక పోరాటం వుంటుంది, ఎదురు పోరాటం వుంటుంది.

1976లో అమెరికా ప్రభుత్వం కొన్ని ప్రాంతాలలో సీసానికి బదులు ఉక్కు గుండ్లు వాడాలని నియమం తెచ్చింది. వెంటనే నేషనల్ రైఫిల్ అసోసియేషన్ కోర్టుకు పోయి ఓడిపోయింది. కోర్టులో ఓడినవాళ్ళకు శాసనసభ తలుపు తెరిచే వుంటుంది. 1978లో అలాస్కా సెనేటర్ టెడ్ స్టీవెన్స్ బడ్జెట్ బిల్లుకు ఒక సవరణ తగిలించాడు: రాష్ట్రం ఒప్పుకోనిదే అక్కడ ఈ నియమాన్ని అమలు చేయడానికి కేంద్ర నిధులు ఖర్చు పెట్టకూడదు. నియమం పుస్తకంలో వున్నది, దాన్ని అమలు జరిపే చేతికి జీతం లేదు. ఇటువంటి యుక్తులు మనకు కొత్తవి కావు.

ఈ ముడి విడిపోయిన తీరు ఆలోచించదగ్గది. వేటగాళ్ళు కూడా సభ్యులుగా వున్న నేషనల్ వైల్డ్‌లైఫ్ ఫెడరేషన్ 1985లో కోర్టుకెక్కింది. బాతుల పక్షాన కాదు, తెల్లతల గద్దల పక్షాన. సీసం తిన్న బాతుల్ని తిని ఆ గద్దలు చనిపోతున్నాయి. అవి అప్పటికి అంతరించే ప్రమాదంలో వున్నవాటి జాబితాలో వున్నాయి. పైగా అమెరికా రాజముద్ర మీది పక్షి అది. లక్షల బాతులు చస్తే కదలని రాజ్యం తన ముద్ర మీది పక్షి చస్తుంటే కదిలింది. నిషేధం దశలవారీగా మొదలై 1991 నాటికి దేశమంతా వ్యాపించింది.

ఫలితం ఏమిటి? నిషేధం తరువాత మిసిసిపీ నది వెంట సాగే వలస మార్గంలో పరిశోధకులు వేల బాతుల కందనకాయలు కోసి చూశారు. మల్లార్డ్ జాతి బాతులలో సీసపు మరణాలు 64 శాతం తగ్గాయని 2000లో ప్రకటించారు. 1997 శరత్కాలంలో వలస కదిలిన 9 కోట్ల బాతులలో సుమారు 14 లక్షలు ఈ చట్టం వల్ల చావు తప్పించుకున్నాయని వాళ్ళ అంచనా. 97 ఏళ్ళ హితబోధ చేయలేని పనిని ఆరేళ్ళ చట్టం చేసింది.

ఇక్కడ ఆగితే మన పక్షం గెలిచినట్టే కనిపిస్తుంది. ఆగకూడదు. ఇంగ్లండులో కూడా నీటిపక్షుల మీద సీసం వాడకూడదని 1999లోనే నియమం వచ్చింది. ఆ తరువాత పదేళ్ళకు, పదిహేనేళ్ళకు దుకాణాల్లో బాతుల్ని కొని పరీక్షిస్తే 70 శాతానికి పైగా సీసంతో చచ్చినవే. చట్టం వున్నది, మడుగు దగ్గర మనిషి లేడు. అమెరికాలో కాపలా అధికారి వేటగాడి దగ్గరకు వచ్చి తూటాను అయస్కాంతానికి తాకించి చూస్తాడు. ఉక్కు అంటుకుంటుంది, సీసం అంటుకోదు. పైగా అక్కడ సీసపు తూటా కాల్చనక్కరలేదు, బాతుల వేటలో జేబులో వుంటేనే నేరం. చట్టమంటే కాగితం కాదు, అయస్కాంతం పట్టుకుని బురదలో నడిచే జీతగాడు కూడా చట్టమే.

చట్టం ఎంతవరకు వెళ్ళిందో, ఎక్కడ ఆగిందో కూడా చూడాలి. బాతుల వేటలో పోయిన సీసం జింకల వేటలో మిగిలింది. 2008లో ఉత్తర డకోటా రాష్ట్రంలో వేటగాళ్ళు బీదల కోసం దానమిచ్చిన జింక మాంసంలో సీసపు తునకలు కనపడ్డాయి. ఉచితంగా ఆహారం పంచే కేంద్రాలు ఆ మాంసం పంచవద్దని ఆరోగ్య శాఖ చెప్పవలసి వచ్చింది. దాత ఇచ్చినది మంచి మనసుతోనే. పుచ్చుకున్నవాడికి ఎంచుకునే వెసులుబాటు లేదు. విషం ఎక్కడ మొదలైనా చివరికి బీదవాడి కంచంలోకి దారి వెతుక్కుంటుంది. 2017 జనవరిలో, ఒబామా ప్రభుత్వం దిగిపోయే ముందు రోజు, కేంద్ర వన్యప్రాణి ఆశ్రయాలన్నిటిలో సీసపు తూటాలను క్రమంగా తొలగించాలని ఒక ఆజ్ఞ వెలువడింది. మార్చి 2న కొత్త మంత్రి దాన్ని రద్దు చేశాడు. సాధించుకున్నదేదీ శాశ్వతం కాదు.

ఉక్కును ఎదిరించినవాళ్ళ వాదాలలో ఒకటి మాత్రం వర్గదృష్టితో చూసేవాళ్ళు తోసిపుచ్చరానిది. పాత తుపాకి గొట్టాలు మెత్తని సీసం కోసం తయారైనవి. గట్టి ఉక్కు గుండ్లు వాటిని గీరుతాయి, కొస బిగువుగా వుంటే ఉబ్బిస్తాయి. తాత ఇచ్చిన తుపాకి తప్ప వేరే లేని పేద రైతుకు ఈ చట్టం బరువైంది. సీసంలాగే మెత్తగా వుండే బిస్మత్ గుండ్లు అతని తుపాకికి సరిపోతాయి, కాని అవి ఉక్కు కంటె ఎన్నో రెట్లు ఖరీదు. సీసం కంటె బరువైన టంగ్‌స్టన్ గుండ్లు ఇంకా ఖరీదు. అంటే విషం లేని వేటలో కూడా మూడు తరగతులు ఏర్పడ్డాయి. న్యాయమైన చట్టం ఆ బరువును సమాజం మీద పంచేది. ఈ చట్టం దాన్ని మార్కెట్టుకు వదిలేసింది. అంతమాత్రాన చట్టం తప్పని కాదు, సగంలో ఆగిందని.

4

లోహాన్ని చట్టం ఎంచి ఇచ్చింది. ఇక వేటగాడు ఎంచుకోవడానికి ఏం మిగిలింది? నా పూర్వ విద్యార్థి ఒకతను మిన్నెసోటాలో పరిశోధన చేస్తున్నాడు. తన సహాధ్యాయి తూటాలు కొనడానికి పోతుంటే వెంట వెళ్ళి, చూసినదంతా నాకు వివరంగా వ్రాశాడు. గోడ నిండా పెట్టెలు. ప్రతి పెట్టె మీదా గుండు నంబరు, బరువు, వేగం. అన్నీ ఉక్కే. అయినా ఆ సహాధ్యాయి గంటసేపు నిలబడ్డాడట. ఎందుకు?

ఉక్కు సాంద్రత సీసంలో సుమారు 70 శాతం. ఒకే సైజు గుండు తీసుకుంటే ఉక్కుది తేలిక. తేలిక గుండును గాలి త్వరగా నిలబెడుతుంది. అది దూరం పోయేసరికి పక్షి శరీరంలోకి దిగే బలం వుండదు. కాబట్టి నాలుగో నంబరు సీసం వాడినవాడు ఉక్కులో రెండో నంబరుకు పోవాలని అనుభవజ్ఞులు చెబుతారు. ఈ లెక్కలో నంబరు తగ్గితే గుండు పెద్దది: నాలుగో నంబరు వ్యాసం అంగుళంలో 13 శతాంశాలు, రెండో నంబరుది 15. రెండో నంబరు ఉక్కు ఔన్సుకు సుమారు 125 తూగుతాయి గనుక సంఖ్యలో పెద్ద నష్టం లేదు. పెద్ద జాతి బాతులకు ఇంకా పెద్దవి కావాలి. ఇంకొక గుణం: సీసపు గుండ్లు గొట్టంలో ఒరుసుకుని వంకర పోయి చెదురుతాయి, ఉక్కు గుండ్లు గుండ్రంగానే వుండి గుంపు విడకుండా పోతాయి. కనుక గొట్టం కొసన అంత బిగువు అక్కరలేదు. ఇవన్నీ తెలుసుకుని, 40 గజాల దూరంలో కాగితం కట్టి కాల్చి, 30 అంగుళాల వలయంలో ఎన్ని గుండ్లు పడ్డాయో లెక్కపెట్టి తన తుపాకికి నప్పే తూటా ఏదో నిర్ణయించుకోవాలి.

అయితే ఇదంతా అయ్యాక కూడా ఉక్కు ఒక హద్దు పెడుతుంది. మామూలు వేటగాడికి ఆ హద్దు 35, 40 గజాలు. అది దాటితే గుండు పక్షికి తగులుతుంది గాని చంపదు. దెబ్బతిన్న బాతు ఎగిరిపోయి ఎక్కడో పడి చస్తుంది. ఉక్కును వ్యతిరేకించినవారి ముఖ్య వాదం ఇదే: విషం తగ్గుతుందేమో గాని క్షతగాత్రులు పెరుగుతాయి. ఈ వాదం బూటకం కాదు. దీనికి జవాబు లోహంలో లేదు.

జవాబు డెన్మార్క్‌లో దొరికింది. ఆ దేశం 1996లో అన్ని రకాల వేటకూ సీసపు గుండ్లను నిషేధించింది. వ్యతిరేకుల లెక్క ప్రకారం అక్కడ గాయపడిన పక్షులు పెరిగిపోవాలి. కాని 1997లో అక్కడి ప్రభుత్వమూ వేటగాళ్ళ సంఘమూ కలిసి దూరం నుంచి కాల్చవద్దని ప్రచారం, శిక్షణ మొదలు పెట్టాయి. బ్రతికివున్న బాతుల్ని పట్టి ఎక్స్‌రే తీసి చూస్తూ వచ్చారు. ఒంట్లో గుండ్లు మోసుకు తిరుగుతున్న గులాబికాళ్ళ పెద్దబాతుల శాతం ఆ తరువాత తగ్గింది. సీసాన్ని పూర్తిగా వదిలిన దేశంలోనే గాయాలు తగ్గాయంటే, గాయాన్ని నిర్ణయించేది లోహం కాదు, దూరం. దూరాన్ని నిర్ణయించేది మనిషి.

ఆ దూరాన్ని ఏ చట్టమూ కొలవలేదు. తూటాను అయస్కాంతంతో పట్టవచ్చు. 55 గజాల ఎత్తున పోతున్న గుంపు మీదికి తుపాకి ఎత్తాలన్న ఆశను ఏ పరికరమూ పట్టలేదు. తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచి, చలినీళ్ళలో రెండు గంటలు నిలబడి, ఒక్క బాతు కూడా అందక విసిగినవాడికి గుంపు తలమీదుగా పోతుంది. కాలిస్తే ఒకటి పడవచ్చు. మూడు గాయపడవచ్చు, అవి వేరే చోట పడతాయి, ఎవరూ చూడరు. అక్కడ ఆ మనిషికి తోడు నిజంగానే ఎవరూ లేరు. లియోపోల్డ్ మాట ఈ చోట అక్షరాలా నిజమవుతుంది.

మార్కెట్టు అతన్ని ఈ చోటనే పట్టుకుంటుంది. పెట్టెల మీద వేగం సంఖ్యలు ఏటేటా పెరుగుతున్నాయి: సెకనుకు 1,400 అడుగులు, 1,550, 1,700. తేలిక గుండుకు ఎంత వేగం ఇచ్చినా గాలి దాన్ని అంత త్వరగా తినేస్తుంది. దూరంలో మిగిలే లాభం కొద్ది, భుజానికి తగిలే తన్ను ఎక్కువ. ఆ రాతలు చూస్తే మన పిట్టలదొర గుర్తుకు వస్తాడు. ఆయన కొయ్య తుపాకి పట్టుకుని కోతలు కోస్తే జనం నవ్వి డబ్బులిస్తారు. తూటాల కంపెనీ కోతలు కోస్తే జనం నమ్మి డబ్బులిస్తారు. ఇంకా ముందుకు రాని పక్షిని కాల్చకుండా వుండే నిగ్రహం ఏ పెట్టెలోనూ దొరకదు. కనుక దాని స్థానంలో వేగాన్ని అమ్ముతారు. డబ్బున్నవాడు టంగ్‌స్టన్ కొని దూరాన్నే కొనుక్కుంటాడు. డబ్బులేనివాడు మడుగును చదవడం నేర్చుకోవాలి: గాలి ఎటు, పక్షి ఎటు దిగుతుంది, బొమ్మ బాతుల్ని ఎక్కడ తేల్చాలి. 35 గజాల దగ్గర చివరి బొమ్మను తేల్చి, దాని ఇవతలికి వస్తేనే కాల్చాలని నియమం పెట్టుకునేవాళ్ళు వున్నారు. ఆ సహాధ్యాయి కూడా గంట తరువాత మధ్యరకం వేగం గల రెండో నంబరు ఉక్కు తూటాలు కొని, మిగిలిన డబ్బుతో కాగితాల మీద కాల్చి చూసుకోవడానికి ఇంకో పెట్టె కొన్నాడట. ఇందులో ఘనత ఏమీ లేదు. తాను ఎక్కడ ఆగాలో తెలుసుకోవడానికి ఖర్చు పెట్టాడు, అంతే.

5

ఈ విషయాలు మా అధ్యయన బృందంలో చెప్పినప్పుడు ఒక విద్యార్థిని సూటిగా అడిగింది: "ఎలాగూ చంపేవాడే కదండీ! ఏ లోహంతో చంపితే ఏమిటి, ఎన్ని గజాల నుంచి చంపితే ఏమిటి? హంతకుడికి మర్యాదలు నేర్పుతున్నామా?"

ప్రశ్న బలమైనది. సరదా కోసం ప్రాణం తీయడం తప్పని ఆ అమ్మాయి నమ్మకం. దాన్ని ఖండించడానికి నా దగ్గర ఏమీ లేదు, ఖండించాలనీ లేదు. కాని "ఎలాగూ" అన్న ఆ మాట మీద నాకు అనుమానం. ఎలాగూ చంపేవాడే కనుక తక్కిన తేడాలన్నీ సమానమే అన్నామంటే మనం బాతు పక్షాన నిలిచినట్టు కాదు, బాధ్యత లెక్కను మూసేసినట్టు. తక్షణమే చచ్చిన పక్షికీ, మూడు వారాలు ఎండి చచ్చిన పక్షికీ తేడా వున్నది; ఆ తేడా మనకు లేకపోయినా పక్షికి వున్నది. గురిచూసి తీసిన ప్రాణానికీ, ఎవరూ చూడక, ఎవరూ తినక, ఎవరూ లెక్కపెట్టక పోయిన ప్రాణానికీ తేడా వున్నది. "ఎలాగూ దోపిడీ వ్యవస్థే కదా" అని రాతి క్వారీలో దుమ్ము అణిచే నీళ్ళగొట్టం కోసం పోరాడకుండా వుంటామా? వ్యవస్థ మారేదాకా కార్మికుడి ఊపిరితిత్తులు ఆగవు.

మన శిబిరంలో రెండు పొరపాటు ధోరణులు తరచు కనిపిస్తాయి. ఒకటి ఉపదేశవాదం: ప్రతి మనిషినీ మంచివాణ్ణి చేస్తే సమాజం బాగుపడుతుందనేది. దానికి 97 ఏళ్ళ సీసమే సమాధానం. రెండోది మనకు మరింత ప్రియమైనది: పునాది మారితే గాని ఏదీ మారదు, కనుక వ్యక్తి ప్రవర్తనను గురించి మాట్లాడటం మధ్యతరగతి చాదస్తం అనేది. దానికి డెన్మార్క్ బాతుల ఎక్స్‌రేలు సమాధానం. లోహం మారాక కూడా దూరం మిగిలింది. దాన్ని తగ్గించినవి ప్రచారం, శిక్షణ, వేటగాళ్ళ సంఘం, చివరకు తుపాకి దించిన ఒక్కొక్క మనిషి. అది కూడా ఒంటరి హృదయం చేసిన అద్భుతం కాదని గమనించాలి. నిగ్రహాన్ని కూడా సమష్టిగా నేర్పవచ్చు, నేర్చుకోవచ్చు. కాని తుపాకి దించే క్షణంలో దించేది మాత్రం ఒక్కడే.

ఈ రెంటికీ వరుస వున్నది. కనపడని హాని ముందు విజ్ఞానానికి కనపడాలి. విజ్ఞానం చట్టం కావాలి. చట్టానికి బురదలో నడిచే మనిషి దొరకాలి. అప్పుడు మాత్రమే వ్యక్తి నీతికి తన సొంత పని చేసుకునే చోటు ఏర్పడుతుంది. సీసపు కాలంలో ఎంత నిగ్రహం గల వేటగాడైనా మడుగును విషం చేయక తప్పలేదు. దగ్గరి నుంచి, శుభ్రంగా, ఒకే దెబ్బతో చంపినా అతని తక్కిన 160 గుండ్లు అడుగున పడి వుండేవి. అతని మంచితనానికి ఫలితం లేకుండా చేసింది ఆ వ్యవస్థ. చట్టం వచ్చాక అతని నిగ్రహానికి మొదటిసారి పూర్తి విలువ వచ్చింది. చట్టం మంచితనానికి ప్రత్యామ్నాయం కాదు. మంచితనం వృథా పోకుండా చేసే ఏర్పాటు.

ఉక్కు కూడా చివరి మాట కాదు. గట్టి గుండ్ల నుంచి గొట్టాన్ని కాపాడటానికి తూటాలో మందపాటి ప్లాస్టిక్ గిన్నె పెడతారు. అది ప్రతి కాల్పుతోనూ మడుగులో పడి తేలుతుంది. ఈనాటి వేటగాడికి కనపడుతూనే వున్న ఆ గిన్నె మీద లెక్క ఇంకా తేలవలసే వున్నది. దాన్ని తేల్చడానికి మళ్ళీ 97 ఏళ్ళు పట్టకూడదంటే, హాని చేసేవాడి మనసు కరిగేదాకా కాచుకోకుండా లెక్కలు తీయడం, అడగడం, సంఘటితం కావడం మొదలుపెట్టాలి. మన బావుల్లో, మన పొలాల్లో, మన ఫ్యాక్టరీల్లో ఇవాళ అడుగున పడుతున్న గుండ్లు ఏవో వెతికే విద్యార్థులకూ ఉపాధ్యాయులకూ ఈ దూరదేశపు బాతుల కథ చెప్పేది ఇదే. చట్టం కోసం పోరాడుతూ తన చేతిలోని తుపాకిని మరచిపోవద్దు. తన చెయ్యి శుభ్రంగా వుంచుకున్నానన్న తృప్తిలో చట్టాన్ని మరచిపోవద్దు.